33 మంది సభలో ఒక్క ఓటు బరువు

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో పుదుచ్చేరి శాసనసభ గురించి నాలుగు వాక్యాలు రాశాను. పెద్ద రాష్ట్రాల కోసం కుట్టిన చట్టాలను చిన్న సభకు తొడిగితే అవి దానికి అతకడం లేదని, 2021 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం పడిపోయిన తీరు అందుకు సాక్ష్యమని ఆ మాటల సారాంశం. ఆ నాలుగు వాక్యాలకు చెన్నైలోని తెలుగువారి నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. పుదుచ్చేరిలో భాగమైన యానాం మన భాష మాట్లాడే ఊరు కావడం వల్ల, ఆ సభలో ఒక కుర్చీ మనదేనన్న భావం ఇక్కడి మనవాళ్లలో బలంగా ఉన్నట్టుంది. అందుకే ఈసారి శీర్షికనంతా ఈ విషయానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా సొంత ఊరు యానాం. ఉద్యోగరీత్యా చెన్నైలో స్థిరపడినా, అన్నదమ్ములు అక్కడే ఉండడం వల్ల ఎన్నికలు వచ్చాయంటే సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాకినాడ మీదుగా వెళ్లి చూసి వస్తుంటాను. పక్కనున్న ఆంధ్ర గ్రామాల్లో సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి కదా. 30 మందిని ఎన్నుకునే చిన్న శాసనసభకు కూడా అదే పద్ధతి పెడితే ఈ ఫిరాయింపులూ, పార్టీల పంతాలూ పోవా?
(ఒక పాఠకుడు, విల్లివాక్కం)

సమాధానం: మీ కోరిక వెనకనున్న బాధ నాకు అర్థమవుతోంది. కాని మీరు చూపించిన ఉదాహరణే మీ ప్రతిపాదనకు అడ్డు నిలుస్తోంది. సర్పంచ్ ఎన్నికల్లో బ్యాలెట్ మీద ఉంగరమో కత్తెరో ఉంటుంది. ఆ ఉంగరం ఏ పార్టీదో, ఆ కత్తెర ఎవరి మనిషిదో ఊళ్లో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఫలితాలు వచ్చిన రాత్రే మాకు ఇన్ని పంచాయతీలు, మీకు ఇన్ని అని పార్టీలు లెక్కలు ప్రకటించుకుంటాయి. తమిళనాడులో గ్రామ పంచాయతీ అధ్యక్షుల ఎన్నికలు కూడా పార్టీ రహితంగానే జరుగుతాయి, అక్కడా ఇదే కథ. బ్యాలెట్ మీద నుంచి పార్టీ పేరు తీసేయడం తేలిక, మనుషుల మధ్య నుంచి తీసేయడం తేలిక కాదు.

అయినా ఈ ప్రయోగాన్ని శాసనసభ స్థాయిలో చేసినవారు ఉన్నారు కనుక వారి అనుభవాన్ని చూడాలి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర ప్రజలు 1934లో ఓటు వేసి రెండు సభలను రద్దుచేసుకుని, ఒకే సభ ఉండాలనీ, దాని ఎన్నికల బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండకూడదనీ నిర్ణయించుకున్నారు. 1937లో మొదలైన ఆ సభలో ఇప్పుడు 49 మంది ఉన్నారు. అక్కడ కూడా ఎవరు ఏ పార్టీ మనిషో ఓటరుకు తెలుసు. తేడా సభ లోపల ఉంది. కమిటీల అధ్యక్షులను పార్టీలు పంచుకోవు, సభ మొత్తం రహస్య ఓటుతో ఎన్నుకుంటుంది. అందువల్ల మైనారిటీ పార్టీ సభ్యుడు కూడా ముఖ్యమైన కమిటీకి అధ్యక్షుడు కాగలిగాడు. పక్కనే ఉన్న కాన్సాస్ రాష్ట్రంతో పోల్చి చూసిన రాజనీతి శాస్త్రవేత్తలకు, రెండుచోట్లా అభ్యర్థుల అభిప్రాయాలు పార్టీల వారీగా చీలి ఉన్నా, సభలో ఓట్లు మాత్రం నెబ్రాస్కాలో ఆ చీలికను అనుసరించలేదని తేలింది. అయితే ఇటీవలి సంవత్సరాల్లో ఆ సభలోనూ పార్టీ గోడలు లేస్తున్నాయి. ఇంకో నష్టం కూడా ఉంది: పార్టీ పేరు కనబడని బ్యాలెట్‌లో ఓటరు తనకు తెలిసిన పేరును వెతుక్కుంటాడు, తెలిసిన పేరు సాధారణంగా అప్పటికే పదవిలో ఉన్నవాడిదే అవుతుంది.

కెనడా ఉత్తర కొసనున్న నునావుట్ ప్రాంతంలో పార్టీలే లేవు. 22 మంది సభ్యులు విడివిడిగా గెలిచి వచ్చి, తమలో నుంచి ప్రధానినీ మంత్రులనూ రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. మంత్రుల కంటే మిగతా సభ్యుల సంఖ్య ఎప్పుడూ ఎక్కువే కాబట్టి, ప్రతి బిల్లుకూ ప్రతి బడ్జెట్‌కూ మంత్రివర్గం సభను ఒప్పించుకోక తప్పదు. వినడానికి ఎంతో బాగుంది. కాని 2021 జనాభా లెక్కల ప్రకారం నునావుట్ జనాభా 36,858. 2011 లెక్కల్లోనే 55,626 మంది ఉన్న మీ యానాం మొత్తం కలిపి పుదుచ్చేరి సభకు పంపేది ఒక్క సభ్యుణ్ణి. 37 వేల మందికి 22 మంది ప్రతినిధులున్నచోట, ప్రతి ఓటరుకూ తన సభ్యుడి గుణం స్వయంగా తెలిసినచోట నడిచే పద్ధతి, అదే రూపంలో మనకు నడుస్తుందని నేను మాట ఇవ్వలేను.

ఇక మన సంగతి. నిజానికి పుదుచ్చేరి ఓటరు ఇప్పటికే పార్టీని మాత్రమే చూసి ఓటు వేయడం లేదు. 2021లో గెలిచిన 30 మందిలో 6 గురు స్వతంత్రులు. ఆ ఎన్నికల్లో అక్కడి ప్రాంతీయ పార్టీ ఎన్.ఆర్. కాంగ్రెస్ అధినేత రంగస్వామి మీ యానాంలోనే స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఓడిపోయి, తాను నిలబడిన మరో స్థానం తట్టాన్‌చావడి నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. అయిదింట ఒక వంతు సభ పార్టీలకు బయటే ఉన్నా, పదవుల బేరసారాలు తగ్గలేదు కదా. ఎందుకంటే జబ్బు పార్టీ పేరులో లేదు, లెక్కలో ఉంది. 234 మంది ఉన్న తమిళనాడు శాసనసభలో ఇద్దరు సభ్యులు అటూ ఇటూ అయితే అది ఒక రోజు వార్త. నియమితులతో కలిపి 33 మంది ఉండే పుదుచ్చేరి సభలో మెజారిటీకి కావలసింది 17. అక్కడ ఇద్దరు లేచి వెళ్లిపోతే ప్రభుత్వం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఒక్కొక్క సభ్యుడి విలువ అంతగా పెరిగినచోట అతని మీద పడే ఒత్తిడీ, అతనికి చూపే ఆశా కూడా అంతే పెరుగుతాయి. సంస్కరణ అంటూ చేస్తే ఆ ఒక్క ఓటు బరువును తగ్గించేదిగా ఉండాలి. కింది ఉత్తరాలకు నేను ఇస్తున్న సమాధానాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: 30 మందిని ఎన్నుకునే సభను మీరు 33 మంది సభ అంటున్నారు. జనం ఓటు వేయని ఆ ముగ్గురికి ప్రభుత్వాన్ని పడగొట్టే ఓటు ఎలా వచ్చింది?
(ఒక పాఠకురాలు, పానగల్ పార్కు దగ్గర, టి.నగర్)

సమాధానం: అమ్మా, ఈ ప్రశ్నకు కొంచెం విస్తారంగానే జవాబు చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో మొదట సరిచేయవలసింది ఇదే.

పుదుచ్చేరి శాసనసభ 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. పుదుచ్చేరి ప్రాంతం నుంచి 23, కారైకాల్ నుంచి 5, మాహే, యానాంల నుంచి ఒక్కొక్కటి, వెరసి 30 మందిని జనం ఎన్నుకుంటారు. వీరికి అదనంగా 3 గురికి మించకుండా సభ్యులను కేంద్ర ప్రభుత్వం నియమించవచ్చునని అదే చట్టం చెబుతోంది. ఎవరిని నియమించాలో, ఏ అర్హత చూడాలో, ఎవరిని సంప్రదించాలో మాత్రం చెప్పలేదు. రాజ్యసభకు రాష్ట్రపతి నియమించే 12 మంది విషయంలో సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళ, సమాజసేవ అని రాజ్యాంగం ఒక గీతైనా గీసింది. ఇక్కడ ఆ గీత కూడా లేదు.

2017లో అప్పటి పుదుచ్చేరి మంత్రివర్గంతో సంబంధం లేకుండా, కేంద్రంలోని అధికార పార్టీకి చెందిన ముగ్గురిని నియమించారు. దానిమీద నడిచిన వ్యాజ్యంలో 2018 మార్చిలో మద్రాసు హైకోర్టు, అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నియామకాలు చెల్లుతాయన్నాయి. స్థానిక మంత్రివర్గాన్ని సంప్రదించి తీరాలన్న వాదనను ఒప్పుకోలేదు; బడ్జెట్ మీదా, అవిశ్వాస తీర్మానం మీదా కూడా వారికి ఎన్నికైన సభ్యులతో సమానంగా ఓటు ఉంటుందని తేల్చాయి. చట్టంలో ఉన్న అక్షరాన్ని చదివితే ఆ తీర్పును తప్పుపట్టలేము. తప్పు ఆ అక్షరం రాసినచోట ఉంది.

2021 ఫిబ్రవరి 22 నాటి లెక్క చూడండి. అప్పటికి 6 గురు రాజీనామా చేశారు, అంతకుముందే ఒకరిమీద అనర్హత వేటు పడింది, సభలో 26 మంది మిగిలారు. అధికార కూటమికి స్పీకర్‌తో కలిపి 12, ప్రతిపక్షానికి 14. ఆ 14లో 3 నామినేటెడ్ ఓట్లు. వాటిని తీసివేస్తే ఎన్నికైన 23 మందిలో 12 మంది ఒకవైపు, 11 మంది మరోవైపు ఉన్నారు. ముఖ్యమంత్రి నారాయణసామి రాజీనామా చేశారు, కొద్ది రోజులకే రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ ప్రభుత్వం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నాకు అవసరం లేని చర్చ. రాజీనామాలు జరగకపోతే ఆ మూడు ఓట్లు చాలేవి కావన్నదీ నిజమే. జనం ఎన్నుకున్న సభ్యుల లెక్క ఒక విధంగా ఉండగా, ప్రభుత్వం ఉండాలా వద్దా అన్న నిర్ణయం మరొక విధంగా రాగలిగిన ఏర్పాటును ప్రజాస్వామ్యమని పిలవడానికి మాత్రం నాకు మనసు ఒప్పడం లేదు. రేపు కేంద్రంలో మరో పార్టీ ఉంటే అదీ ఇదే చేయగలదు.

మీరు ఉంటున్న చోటును బట్టి ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. మీ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా, మన పానగంటి రామరాయణింగారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి. 1926 ఎన్నికల్లో ఆయన జస్టిస్ పార్టీ ఓడిపోయింది. ఎక్కువ స్థానాలు గెలిచిన స్వరాజ్య పార్టీ మంత్రివర్గం ఏర్పాటుచేయడానికి నిరాకరించింది. అప్పుడు గవర్నర్ ఏ పార్టీకీ చెందని సుబ్బరాయన్ చేత మంత్రివర్గం ఏర్పాటు చేయించారు, దాన్ని నిలబెట్టింది నామినేటెడ్ సభ్యుల అండ. పార్టీ లేని ప్రభుత్వం ఎలా ఉంటుందో ఈ నగరం వందేళ్ల కిందటే చూసింది: జనానికి జవాబు చెప్పవలసిన పార్టీ లేనప్పుడు ఆ మంత్రివర్గం గవర్నర్ చేతిని పట్టుకుని నడవవలసి వచ్చింది. 1952లోనూ అంతే. 375 మంది ఉన్న మద్రాసు శాసనసభలో కాంగ్రెస్‌కు 152 స్థానాలే వచ్చాయి. కాంగ్రెసేతర పక్షాలన్నీ టంగుటూరి ప్రకాశం గారి వెనక కూడితే, ఎన్నికల్లో నిలబడని రాజాజీని గవర్నర్ శాసనమండలికి నామినేట్ చేయించి ముఖ్యమంత్రిని చేశారు. ఆ తర్వాత బలం దానంతట అదే వచ్చి చేరింది. ప్రకాశం గారికి జరిగిన అన్యాయం గురించి మా ఇంట్లో పెద్దలు కంఠం వణుకుతూ చెప్పడం విన్నాను కాబట్టి ఈ విషయంలో నేను పూర్తి తటస్థుణ్ణి కానని ఒప్పుకుంటాను.

చేయవలసింది ఏమిటంటే, పార్లమెంటు 1963 చట్టాన్ని సవరించి ఆ మూడు నియామకాలను పూర్తిగా తీసివేయాలి. అది కుదరకపోతే ఎన్నికల్లో గెలవలేని వర్గాలకూ, నిపుణులకూ మాత్రమే వాటిని పరిమితం చేసి, విశ్వాస, అవిశ్వాస తీర్మానాల మీదా బడ్జెట్ మీదా ఓటు లేకుండా చేయాలి. వారు చర్చలో మాట్లాడనివ్వండి, కమిటీల్లో పనిచేయనివ్వండి. ప్రభుత్వాన్ని నిలబెట్టే, కూల్చే హక్కు ఓటరు పంపినవారికే ఉండాలి.

ప్రశ్న: నేను కాకినాడలో టీచరుగా పనిచేసి రిటైరై మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. అక్కడ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో 1, 2, 3 అని అంకెలు వేసి ఓటు వేసేవాళ్లం. అలాంటి ప్రాధాన్య ఓటు చిన్న అసెంబ్లీకి పెడితే పార్టీల మధ్య విద్వేషం తగ్గుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కొళత్తూరు)

సమాధానం: మాస్టారూ, తగ్గే అవకాశం ఉంది. ఆ పద్ధతిని అర్థం చేసుకోవడంలో తెలుగు ఓటరు తమిళ ఓటరు కంటే ఒక అడుగు ముందే ఉన్నాడు కూడా. తమిళనాడు శాసనమండలి 1986లో రద్దయింది కాబట్టి ఇక్కడి పట్టభద్రులకు ఆ అనుభవం లేదు. ఆంధ్రలో 1985లో రద్దయిన మండలి 2007లో తిరిగి వచ్చింది. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగానికి మించి రాకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవాణ్ణి తొలగించి అతని బ్యాలెట్లలోని రెండో ప్రాధాన్య ఓట్లను మిగతావారికి పంచుతూ పోయే ఆ లెక్కింపు ఒక రోజు దాటి మరో రోజుకు సాగడం మీరు చూసే ఉంటారు.

ఇందులో మేలు ఏమిటో చెబుతాను. ఇప్పటి పద్ధతిలో పక్క పార్టీ ఓటరు నాకు ఎలాగూ ఓటు వేయడు, కాబట్టి అతణ్ణి తిట్టినా నాకు పోయేదేమీ లేదు. ప్రాధాన్య ఓటు ఉన్నప్పుడు అతని రెండో అంకె నాకు కావాలి. అతని నాయకుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి ఆ అంకెను అడగలేను. 2021 ఎన్నికల నాటికి పుదుచ్చేరిలో మొత్తం ఓటర్లు సుమారు 10 లక్షలు, అంటే ఒక్కో నియోజకవర్గానికి సగటున 33 వేల మంది. తమిళనాడులో అప్పుడు ఆ సగటు రెండున్నర లక్షలు దాటింది. 33 వేల మందిలో నలుగురైదుగురు అభ్యర్థులు ఓట్లు చీల్చుకుంటే పది, పన్నెండు వేల ఓట్లతోనే ఒకడు గట్టెక్కవచ్చు. అంత చిన్న సంఖ్యను కులంతోనో, వీధులతోనో, ఎన్నికల ముందు పంచే డబ్బుతోనో కూడగట్టడం కష్టం కాదు. సగానికి మించి కావాలంటే మాత్రం తన గుంపు దాటి బయటికి వెళ్లక తప్పదు.

అమెరికాలోని అలాస్కా ఇటువంటి మార్పునే చేసుకుంది. 2020 నవంబరులో ప్రజల ఓటుతో ఆమోదించి, 2022లో మొదటిసారి అమలుచేసిన పద్ధతి ప్రకారం, అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే ప్రాథమిక ఎన్నికలో నిలబడతారు, మొదటి నలుగురు తుది పోటీకి వెళతారు, అక్కడ ఓటరు అంకెలు వేస్తాడు. ఆ ఎన్నికల తర్వాత 20 మంది సెనేటర్లలో 17 మంది, రెండు పార్టీల నుంచీ కలిసి, ఒకే కూటమిగా ఏర్పడ్డారు. దీనికి పూర్తి కారణం అంకెల ఓటే అనను, ఎందుకంటే అలాస్కాలో రెండు పార్టీల కూటములు అంతకుముందూ ఉన్నాయి. 2024లో ఆ పద్ధతిని రద్దుచేయాలన్న ప్రతిపాదన అతి స్వల్ప తేడాతో వీగిపోయింది, అంటే అక్కడి జనంలో సగం మందికి దానిమీద ఇంకా గురి కుదరలేదు.

నా మనసులో ఉన్న ఏర్పాటు దీనికంటే ఒక మెట్టు ముందుకు వెళుతుంది. ఒక్కో నియోజకవర్గం నుంచి ఒక్కరిని కాకుండా నలుగురైదుగురిని ఎన్నుకుంటే ప్రాధాన్య ఓటు ఫలం పూర్తిగా దక్కుతుంది. మన రాజ్యసభ సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకునేది ఈ పద్ధతిలోనే, ఐర్లండ్ ప్రజలు తమ పార్లమెంటును ఎన్నుకునేదీ దీనితోనే. కారైకాల్‌కు ఇప్పుడు 5 స్థానాలున్నాయి; అది దానంతట అదే ఒక నియోజకవర్గంలా అమరి ఉంది. అయిదుగురిని ఎన్నుకునేటప్పుడు ఆరింట ఒక వంతు ఓట్ల కంటే ఒక్కటి ఎక్కువ తెచ్చుకున్నవాడు గెలుస్తాడు, కనుక అక్కడ ఏ పార్టీ గాలి వీచినా మిగతావారు పూర్తిగా కొట్టుకుపోరు. పుదుచ్చేరి ప్రాంతంలోని 23 స్థానాలను అయిదేసి స్థానాల మూడు నియోజకవర్గాలుగా, నాలుగేసి స్థానాల రెండు నియోజకవర్గాలుగా చేయవచ్చు. మాహే, యానాం దూరంగా, వేరే భాషల మధ్య ఉన్నాయి కాబట్టి వాటికి ఒక్కొక్క సభ్యుడే ఉండాలి, అంకెల ఓటు మాత్రం అక్కడా పెట్టాలి. యానాంను ఇంకో ప్రాంతంతో కలిపే ఏ ప్రతిపాదననూ నేను సమర్థించను.

2021 ఫలితాల్లో సుమారు 16 శాతం ఓట్లు వచ్చిన కాంగ్రెస్‌కు 2 స్థానాలు, సుమారు 14 శాతం వచ్చిన బీజేపీకి 6 స్థానాలు దక్కాయి. పొత్తుల్లో ఎవరు ఎన్నిచోట్ల నిలబడ్డారన్నది కూడా దీనికి కారణమే కాబట్టి ఈ ఒక్క లెక్కతో ఎవరినీ నిందించనక్కరలేదు. కాని ఓట్లకూ సీట్లకూ మధ్య ఈ పొంతన లేనితనం మరో ఎన్నికలో మరో పార్టీకి తగులుతుంది.

ఒక చేదు జ్ఞాపకాన్ని దాచకుండా చెప్పాలి. ఒకటి కంటే ఎక్కువ స్థానాల నియోజకవర్గాలు మనకు కొత్త కాదు. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం ద్విసభ్య నియోజకవర్గం, ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు అక్కడ పోటీచేశారు. రిజర్వు స్థానంతోపాటు జనరల్ స్థానంలోనూ షెడ్యూల్డు తెగ అభ్యర్థే ఎక్కువ ఓట్లతో గెలవడంతో ఆయన ఓడిపోయి, వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో ఆయనకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దుచేసింది. గిరిజన అభ్యర్థి జనరల్ స్థానంలో గెలవడంలో నాకు ఏ తప్పూ కనిపించదు. కాని అప్పటి పద్ధతిలో ప్రాధాన్య అంకెలు లేవు, ఓటరు చేతిలో రెండు ఓట్లు ఉండేవి, ఫలితం ఎందుకు అలా వచ్చిందో జనానికి బోధపడలేదు. కొత్త పద్ధతి తెచ్చేవారు పుదుచ్చేరిలోని 5 షెడ్యూల్డు కులాల స్థానాలకు ఏ నియోజకవర్గంలో ఎలా హామీ ఇస్తారో ముందే స్పష్టంగా రాయాలి.

లెక్కింపు కష్టమని కొందరంటారు. ఇప్పటి ఓటింగ్ యంత్రాలు అంకెలను తీసుకోలేవు, కాగితపు బ్యాలెట్టే కావాలి, నిజమే. కాని లక్షల ఓటర్లున్న పట్టభద్రుల నియోజకవర్గాల్లో ఆ పని చేయగలిగిన ఎన్నికల యంత్రాంగానికి, 2011 లెక్కల్లో మొత్తం జనాభాయే 2 లక్షలున్న కారైకాల్‌లో చేయడం భారమేమీ కాదు.

ప్రశ్న: ఫిరాయింపుల నిరోధక చట్టం ఉండగానే ఇన్ని ఫిరాయింపులు ఎలా జరుగుతున్నాయి? స్పీకర్లు ఏం చేస్తున్నారు?
(ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని, అణ్ణానగర్)

సమాధానం: మీరన్న ఆ చట్టం, అంటే 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు, చిల్లరగా మారేవాణ్ణి పట్టుకుంటుంది, గుంపుగా మారేవారిని వదిలేస్తుంది. 2003లో 91వ సవరణ మూడింట ఒక వంతు చీలికకున్న మినహాయింపును తీసేసింది గాని మూడింట రెండొంతుల విలీనానికున్న మినహాయింపును ఉంచింది. పెద్ద సభలో మూడింట రెండొంతులంటే పదుల మంది. చిన్న సభలో ముగ్గురున్న పార్టీలో ఇద్దరు చాలు. గోవాలో 40 మంది సభలో 2019లో కాంగ్రెస్ సభ్యులు 15 మందిలో 10 మంది, 2022లో 11 మందిలో 8 మంది బీజేపీలోకి వెళ్లారు. 2019లోనే 32 మంది ఉన్న సిక్కిం సభలో సిక్కిం డెమొక్రాటిక్ ఫ్రంట్ సభ్యులు 13 మందిలో 10 మంది అదే పని చేశారు. 2016లో అరుణాచల్‌లో ముఖ్యమంత్రితో సహా 43 మంది కాంగ్రెస్‌ను వదిలి ఒక ప్రాంతీయ పార్టీలోకి, ఏడాది తిరగకముందే వారిలో 33 మంది మరో పార్టీలోకి మారారు. ఈ సభలన్నీ చిన్నవే.

ఇక రెండో దారి రాజీనామా. పదవికి రాజీనామా చేసినవాడు ఫిరాయించినట్టు కాదు, సభ సంఖ్య మాత్రం తగ్గుతుంది. పుదుచ్చేరిలో 2021లో జరిగింది అదే. కర్ణాటకలో రాజీనామా చేసిన సభ్యుల వ్యవహారంలో 2019 నవంబరులో సుప్రీంకోర్టు అక్కడి స్పీకర్ వేసిన అనర్హత వేటును సమర్థించినా, సభ కాలం పూర్తయ్యేదాకా పోటీచేయకూడదన్న ఆంక్షను కొట్టివేసింది, ఎందుకంటే అలాంటి ఆంక్ష చట్టంలో లేదు. సొంత పార్టీ ప్రభుత్వాన్ని పడేసేలా రాజీనామా చేసినవాడు ఆ సభ కాలం ముగిసేదాకా ఉప ఎన్నికలో నిలబడకూడదని, మంత్రి కాకూడదని చట్టంలో రాస్తే ఆ దారి మూసుకుపోతుంది.

స్పీకర్ సంగతి మీరు చదువుతున్న తీర్పుల్లోనే ఉంది. 1992లో ఈ చట్టం చెల్లుతుందా అన్న ప్రశ్న మీద నడిచిన కిహోటో హొల్లోహాన్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురిలో ఇద్దరు న్యాయమూర్తులు, సభలో మెజారిటీ దయమీద పదవిలో ఉండే స్పీకర్ ఇలాంటి తగవుకు న్యాయనిర్ణేత కాలేడన్నారు. వారి మాట అప్పుడు అల్పసంఖ్యలో మిగిలిపోయింది. 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి అనర్హత ఫిర్యాదులను మామూలుగా 3 నెలల్లో తేల్చాలనీ, ఈ అధికారాన్ని స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇచ్చే విషయం పార్లమెంటు ఆలోచించాలనీ చెప్పింది. 2025 జూలై 31న తెలంగాణ శాసనసభలో పార్టీ మారారన్న ఫిర్యాదు ఎదుర్కొన్న 10 మంది విషయంలోనూ 3 నెలల గడువు పెట్టవలసి వచ్చింది. దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే ఈ నిర్ణయం ఎన్నికల కమిషన్ సలహామీద రాష్ట్రపతి లేదా గవర్నర్ తీసుకోవాలని సూచించింది. 33 మంది సభలో స్పీకర్ ఓటు కూడా ఒక ప్రభుత్వాన్ని నిలబెట్టే ఓటే. తన కుర్చీ నిలవడానికి కారణమైన సభ్యుడి తగవునే అతను తీర్చవలసి వస్తోంది, ఆ భారం ఏ మనిషి మీదా పెట్టదగింది కాదు.

దీనికి తోడుగా, అవిశ్వాస తీర్మానం పెట్టేవారు కొత్త ముఖ్యమంత్రి పేరు కూడా అదే తీర్మానంలో చెప్పాలన్న నియమం జర్మనీ రాజ్యాంగంలో ఉంది. పడగొట్టడానికి కలిసినవారు నిలబెట్టడానికీ కలవాలి. 2021లో ఆ నియమం పుదుచ్చేరిలో ఉంటే, ఒక ప్రభుత్వం పోయి మరోటి రాకుండా ప్రజలు రాష్ట్రపతి పాలనలో గడపవలసి వచ్చేది కాదేమో.

ప్రశ్న: ఒకే మనిషి రెండు చోట్ల పోటీచేయడాన్ని ఆపలేరా?
(ఒక పాఠకుడు, రాయపురం)

సమాధానం: ఆపాలి. 1996 దాకా ఎన్నిచోట్లయినా నిలబడే వీలుండేది, ఇప్పుడు రెండుకు పరిమితం. రెండు చోట్లా గెలిస్తే ఒకటి వదులుకోవాలి, ఆ ఉప ఎన్నిక ఖర్చు ప్రజలది. 30 స్థానాల సభలో ఒక ఖాళీ కూడా మెజారిటీ లెక్కను మారుస్తుంది కనుక ఇక్కడ ఒక్క చోటే అన్న నియమం మరింత అవసరం.

ప్రశ్న: ఇవన్నీ పార్లమెంటు చేయవలసినవి. పుదుచ్చేరి సభ తనంతట తాను చేసుకోగలిగింది ఏమైనా ఉందా? చెన్నైలో ఉన్న మాలాంటి యానాం వాళ్లం ఎవరిని అడగాలి?
(ఒక పాఠకురాలు, పెరంబూరు)

సమాధానం: ఉంది. నామినేటెడ్ సభ్యులు, నియోజకవర్గాలు, పదో షెడ్యూలు పార్లమెంటు చేతిలో ఉన్నాయి. వాటికోసం అడగవలసింది పుదుచ్చేరికున్న ఒక్క లోక్‌సభ సభ్యుణ్ణీ, ఒక్క రాజ్యసభ సభ్యుణ్ణీ. కాని సభ లోపల వ్యవహారం ఎలా నడవాలో రాసుకునే నియమాలు సభ చేతిలోనే ఉన్నాయి. ప్రభుత్వ లెక్కల కమిటీలాంటి వాటి అధ్యక్షులను నెబ్రాస్కాలో లాగా రహస్య ఓటుతో ఎన్నుకోవచ్చు. బ్రిటిష్ కామన్స్ సభ 2009 నుంచి స్పీకర్‌ను, 2010 నుంచి కమిటీల అధ్యక్షులను రహస్య ఓటుతోనే ఎన్నుకుంటోంది. బిల్లు ప్రవేశపెట్టిన రోజే ఆమోదించకుండా కనీసం ఇన్ని రోజులు కమిటీ పరిశీలనలో ఉండాలని రాసుకోవచ్చు. మాహే, యానాం సభ్యులు ఒంటరివాళ్లు కనుక, ఆ ప్రాంతాలకు సంబంధించిన ప్రతి అంశం మీదా మొదట మాట్లాడే హక్కు వారికి ఇవ్వవచ్చు. పుదుచ్చేరి నుంచి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యానాం మాట సభలో వినబడాలంటే ఆ సభ్యుడు అధికార పక్షంలో ఉండి తీరాలన్న పరిస్థితి ఇప్పుడుంది. పార్టీ మారడానికి అక్కడి నాయకులు చెప్పే కారణాల్లో అదీ ఒకటి. మీ బంధువులు యానాంలో ఓటు వేసేవారైతే, ఈసారి ఓటు అడగడానికి ఇంటికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ ఈ నియమాల మార్పుకు సభలో తీర్మానం ప్రవేశపెడతారా అని అడగమనండి. దానికి ఏ పార్టీ అధిష్ఠానం అనుమతీ అక్కరలేదు.